బావ గిటారుకి కొత్త పికప్‌లు

ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, మైకులు బాగుచేసే ఆ దుకాణం మీద 'మోనో సౌండ్స్' అని రాసుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో కంపెనీ పేరనుకుంటారు. అది దుకాణదారుడి పేరే. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ దాన్ని వాడేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఒక్క చెవే పనిచేసేవాడికి స్టీరియో ఎందుకు, మోనో చాలు అన్నాడు అతని బావ ఒకసారి నలుగురిలో. నలుగురూ నవ్వారు. పేరు అంటుకుపోయింది. బోర్డు రాయడానికి వచ్చిన పెయింటరు ఏం రాయాలని కూడా అడగలేదు, రాసేసి వెళ్ళిపోయాడు.

ఆ రెండో చెవి పోగొట్టింది కూడా బావే.

అమ్మానాన్నలు పోయాక మోనో అక్క దగ్గర పెరిగాడు. అక్కకి అప్పటికి కొత్తగా పెళ్ళయింది. రెండు గదుల వాటా. ముందు గదిలో మంచం, మంచానికి ఎదురుగా గోడకి ఒక కొక్కెం, ఆ కొక్కేనికి బావ గిటారు. బావ ఒక పెద్ద హోటలు బ్యాండులో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. అక్కడ అందరూ ఆయన్ని 'మాస్టారూ' అనేవారు. ఇంట్లో కూడా ఆ గిటారుకే మర్యాద ఎక్కువ. దాని పక్కన తడి తువ్వాలు ఆరేస్తే అక్కకి చీవాట్లు పడేవి.

ఒక మధ్యాహ్నం బావ నిద్రలో ఉండగా మోనో గిటారు కిందికి దించి, తీగల కింద ఉండే ప్లాస్టిక్ పలక మరలు ఒక్కొక్కటే విప్పాడు. తీగ ఇక్కడ మీటితే చప్పుడు అక్కడ డబ్బాలోంచి ఎలా వస్తుందో చూడాలని అతని కోరిక. పలక ఎత్తేసరికి వెంట్రుకంత వైరు ఒకటి పుటుక్కున తెగింది. మళ్ళీ మూసేసి, ఏమీ ఎరగనట్టు కొక్కేనికి తగిలించాడు. ఆ సాయంత్రం హోటల్లో గిటారు పలకలేదు. బావ ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా, చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఒక్కటే. చెవిలో మొదట ఈల వేసినట్టయింది, తర్వాత చీము కారింది, ఆ తర్వాత ఏమీ లేదు. అంతా అయ్యాక డాక్టరు దగ్గరకి తీసుకెళ్తే, "దెబ్బ ఎలా తగిలింది?" అని అడిగాడాయన.

"మెట్ల మీంచి పడ్డాడండీ," అంది అక్క.

మోనో అక్క మొహంలోకి చూశాడు. ఆమె డాక్టరు బల్ల మీదున్న దూది సీసా వంక చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత బావ అతన్ని మళ్ళీ కొట్టలేదు. అవసరం పడలేదు. మాటలు చాలాయి. ఇంటికి ఎవరొచ్చినా మోనోని పిలిచి, చెవుడున్న వైపు నిలబడి నోరు మాత్రం ఆడించి, "ఏమన్నానో చెప్పరా" అనేవాడు. "ఈ చెవిన విని ఆ చెవిన వదిలేద్దామన్నా వీడికి రెండోది లేదు. నా తిట్లన్నీ లోపలే పోగుపడి ఉంటాయి," అనేవాడు. అందరూ నవ్వేవారు. మోనో కూడా నవ్వేవాడు. బావమరిదిని బావ ఆటపట్టించకపోతే ఇంకెవరు పట్టిస్తారు అని అక్క సర్దిచెప్పేది. మోనోకి ఒకచోట పెళ్ళి మాటలు దాదాపు కుదిరాయి కూడా. ఆ ఇంట్లో కూర్చుని బావ ఆ అమ్మాయితో, "ఏ పక్కన పడుకోవాలో ముందే చూసుకోమ్మా, అటు పడుకుంటే తెల్లవార్లూ నువ్వు ఏడ్చినా వీడికి వినపడదు," అన్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఆ సంబంధం మళ్ళీ మాటలదాకా రాలేదు. ఇంకోటీ రాలేదు.

మోనో పని నేర్చుకున్నాడు, దుకాణం పెట్టుకున్నాడు, దాని వెనక గదిలోకి మారిపోయాడు. ఒక్క చెవే కావడం వల్లనో ఏమో, ఉన్నదాన్ని అరగదీసి వాడేవాడు. స్పీకరులో కాగితం ఏ మూల చిరిగిందో వినే చెప్పేవాడు. ఆదివారం ఆదివారం అక్క ఇంటికి వెళ్ళి భోజనం చేసి, బావ జోకులకు నవ్వి వచ్చేవాడు. అక్క కోసం వెళ్తున్నానని అనుకునేవాడు.

ఏళ్ళు గడిచేసరికి బావ చేతులు మొరాయించాయి. ఎడమచేతి వేళ్ళ కణుపులు వాచి, ఉంగరం వేలు పూర్తిగా వంగడం మానేసింది. పొద్దున్నే అక్క గోరువెచ్చటి నీళ్ళలో ఆ చేతిని కాసేపు ఉంచి, చొక్కా గుండీలు తనే పెట్టేది. ఈ సంగతి హోటల్లో ఎవరికీ తెలియదు. తెలియకపోవడానికి కారణం ఆ పాత గిటారే.

గిటారు తీగల కింద పికప్‌లని ఉంటాయి. అయస్కాంతాల చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన చిన్న డబ్బాలు. పైన తీగ ఊగితే ఆ ఊపుని పట్టి ఆంప్లిఫయరుకి పంపేవి అవే. బావ గిటారులో అవి నీరసించి పోయాయి. ఎప్పుడూ తేనెతుట్టె దగ్గర నిలబడ్డట్టు ఒక గుర్రుమనే మోత. సౌండు పెంచే బిరడా తిప్పితే బరబర. సన్నటి స్వరాలు కంబళి కప్పుకున్నట్టు వచ్చేవి. ఆ మోతలో, ఆ కంబళి కింద, వేలు తీగ మీద సరిగ్గా ఆనకపోయినా ఎవరూ పట్టుకోలేకపోయేవారు. మాస్టారి గిటారు కొంచెం పాతదయింది అనుకునేవారు, అంతే.

బావ కూడా అదే నమ్మాడు.

ఒకరోజు ఆయన దుకాణానికి వచ్చి కౌంటరు మీద గిటారు, దాని పక్కన మెరిసే అట్టపెట్టె పెట్టాడు. పెట్టెలో కొత్త పికప్‌లు, ఎవరిచేతో దూరం నుంచి తెప్పించుకున్నవి.

"ఒరే మోనో, ఇది ముసలిదైపోయిందిరా. నా చేతిలో ఉన్నది బయటికి రావట్లేదు. లోపల ఉన్న పాత చెత్తంతా పీకేసి వీటిని బిగించు. బిరడాలు, స్విచ్చి, వైర్లు, అన్నీ కొత్తవి వెయ్యి. కంపెనీవాళ్ళ భోజనాల పార్టీ ఉంది, నా పాట ఒకటి ఉంది అందులో. దుమ్ము లేచిపోవాలి."

"అన్నీ మార్చెయ్యమంటారా బావా?" అన్నాడు మోనో.

"చెప్పింది ఏ చెవిన వేసుకున్నావు? అన్నీ."

మర్నాడు పొద్దున అక్క వచ్చింది. దుకాణానికి ఆమె ఎప్పుడూ రాదు. విప్పి ఉన్న గిటారుని చూసి స్టూలు మీద కూర్చుంది.

"అవి సరిపోలేదని చెప్పరా. గిటారుకి పట్టవని చెప్పు. ఏదో ఒకటి చెప్పి పాతవే ఉంచేయ్."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెలుసు. ఆయన చేతులు చూస్తూనే ఉన్నావుగా. ఆ గుర్రుమనే మోత వల్లే బయటపడట్లేదు. అది కాస్తా తీసేశావంటే నలుగురిలో ఏమైపోతారాయన?"

"ఆయనకి చెప్పు, చేతులు పోయాయని."

"ఎలా చెప్పనురా? ఆయనకి తెలిసిందేమో కూడా నాకు తెలీదు. నేను గుండీలు పెడుతుంటే ఇంకెటో చూస్తారు."

మోనో సోల్డరింగ్ ఐరన్ మొన తడి స్పాంజికి తుడిచాడు. చుయ్‌మంది.

"నన్ను అబద్ధం చెప్పమంటున్నావు."

"నా కోసం చెప్పరా."

"నాకు చేతకాదక్కా. నీకైతే బాగా వచ్చు. డాక్టరు అడగ్గానే తడుముకోకుండా మెట్ల మీంచి పడ్డాడన్నావు. మనం ఉన్న వాటాకి మెట్లే లేవు."

అక్క కౌంటరు మీద దుమ్ము లేకపోయినా కొంగుతో కాసేపు తుడిచింది. లేచింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది గానీ వెనక్కి తిరగలేదు. ఆ మాట అనడానికి తను ఇన్నేళ్ళూ కాచుకుని ఉన్నాడని మోనోకి అప్పుడే తెలిసింది. అన్నాక నోరంతా తియ్యగా అయింది. ఆ తీపి మధ్యాహ్నం దాకా ఉంది.

తర్వాత పనిలో దిగాడు. అంత శ్రద్ధగా అతను ఇంకెవరి పనీ చేయలేదు. పాత పికప్‌ల వైర్ల అతుకులు కరిగించి ఊడదీశాడు. వైర్లు పోయే గూటినంతా బ్రష్షుతో దులిపి, పలచటి రాగి రేకు కత్తిరించి ఒక్క మూల కూడా వదలకుండా లోపల అంటించాడు. బయటి కరెంటు మోత ఇక లోపలికి దూరదు. అరిగిపోయిన బిరడాలు తీసేసి, సన్నటి స్వరాలని మింగకుండా వదిలే రకం వేశాడు. సౌండు తగ్గించినప్పుడు పదును తగ్గిపోతుంది మామూలుగా. తగ్గకుండా ఉండేందుకు ఇంకో చిన్న ముక్క అతికించాడు. దాన్ని బావ అడగలేదు. బాగా వాయించేవాళ్ళు అడిగి మరీ వేయించుకుంటారు. అందుకని అది తప్పూ కాదు. చివర్లో పికప్‌ల ఎత్తు. స్క్రూ తిప్పుతూ వాటిని తీగలకి దగ్గరగా లేపాడు. ఇంకా లేపితే అయస్కాంతం తీగనే లాగేస్తుంది. ఆ హద్దు దాకా తెచ్చి ఆపాడు. అంత దగ్గరగా ఉంటే వేలు తీగ మీద పాకిన చప్పుడు కూడా పట్టేస్తాయి. తప్పు చేసినవాడు దాక్కోవడానికి ఎన్ని మూలలు ఉంటాయో అన్నీ మూసేశాడు. చేసినదాంట్లో ఒక్కటి కూడా పనిలో లోపం అనడానికి వీల్లేదు. ఏ మంచి పనివాడైనా అలాగే చేస్తాడు.

బావ వచ్చి చూసుకున్నాడు. వైరు తగిలించి ఆంప్లిఫయరు పెడితే మోత లేదు. ఆన్ అయిందా లేదా అని బావ లైటు వంక చూశాడు. తీగలన్నీ కలిపి ఒక్కసారి కుడిచేత్తో మీటాడు. అద్దాల బీరువా గలగలలాడింది. ఎడమచేతికి పెద్ద పని లేని తేలిక పట్లు రెండు మూడు పట్టి మీటాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒరే, ఇది నా గిటారేనా? ఏం చేశావురా దీన్ని," అని మోనో తల మీద చెయ్యి వేశాడు. "నేను నిన్ను ఎన్నో అంటాను గానీ, నీ చేతిలో పనుందిరా."

పుట్టి బుద్ధెరిగాక ఆ నోట మంచి మాట వినడం అదే మొదలు. ఆ వేళ మోనో అనొచ్చు, ఈ బిరడా కాస్త వెనక్కి తిప్పి వాయించండి బావా, ఈ పికప్‌లు కొంచెం దించనా అని. స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. తల మీద చెయ్యి తీసేదాకా ఆగి, "జాగ్రత్తగా తీసుకెళ్ళండి," అన్నాడు.

పార్టీ హోటలు కింది హాల్లో. గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు, మెడలో కార్డులు వేసుకున్న ఉద్యోగులు. బ్యాండు లీడరు కీబోర్డు దగ్గర నిలబడి పాటలు నడిపిస్తున్నాడు. మోనో ఎవరూ పిలవకుండానే వచ్చి, వెనక సౌండు చూసే బల్ల దగ్గర నిలబడ్డాడు. మొదటి పాటల్లో బావ మిగతావాళ్ళతో కలిసి వాయించాడు గనక పెద్దగా తెలియలేదు. లీడరు మాత్రం ఒకటి రెండుసార్లు తల తిప్పి చూశాడు. తర్వాత బావ పాట వచ్చింది. మిగతావాళ్ళు తగ్గారు. హాలంతా గిటారు ఒక్కటే.

మొదటి స్వరం బాగానే పడింది. రెండోది వేలు సరిగా నొక్కకపోవడంతో టప్పుమని చచ్చింది. ఆ తర్వాత ఉంగరం వేలు గిటారు మెడ మీది మెట్టుకి ఎక్కలేక జారింది. గర్రుమంది. మళ్ళీ ఎక్కించాడు, పక్క తీగకి తగిలి అదీ మోగింది. ప్రతి తడబాటూ చెంచా కిందపడ్డంత స్పష్టంగా హాలు చివరిదాకా వినపడింది. భోజనం చేస్తున్నవాళ్ళు తలలెత్తారు. ముందు బల్ల దగ్గర ఒకామె నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది. బావ బిరడా తిప్పి సౌండు తగ్గించాడు. మోత చిన్నదయింది గానీ తప్పులు అలాగే మెరుస్తూ వచ్చాయి. పాట మధ్యలో ఆపేశాడు.

మైకు దగ్గరకి జరిగి నవ్వాడు.

"క్షమించాలి. గిటారు మా బావమరిది రిపేరు చేశాడు. అదిగో, వెనక నిలబడ్డాడు. మావాడికి ఒక్కటే చెవి. సగం విని చేసిన పని ఇలాగే ఉంటుంది."

హాలు ఘొల్లుమంది. కొందరు వెనక్కి తిరిగి ఆ చెవి ఏదో చూశారు. మోనో బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ స్టేజీ దగ్గరకి వెళ్ళాడు. లీడరు వైపు తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు.

"పనిలో తప్పుంటే ఇప్పుడే సరిచేస్తానండీ. అది తేలాలంటే ఇంకొకరు వాయించాలి. బాస్ గిటారు ఆయన్ని ఇదే పాట ఒక్కసారి వాయించమనండి."

బాస్ గిటారు వాయించేవాడు బావ కన్నా బాగా చిన్నవాడు. "వద్దులెండి, మాస్టారి గిటారు నేను..." అని నసిగాడు. లీడరు రెండు క్షణాలు ఆలోచించి, "ఇవ్వండి మాస్టారూ," అన్నాడు. బావ మెడలోంచి బెల్టు తీయడానికి ప్రయత్నించాడు. బొత్తాం దగ్గర ఆ వేళ్ళు పనిచేయలేదు. మోనోనే చెయ్యి పెట్టి తీసిచ్చాడు.

బాస్ గిటారు కుర్రాడు ఆ పాటే వాయించాడు. ఒక్కో స్వరం నీళ్ళలో కడిగినట్టు వచ్చింది. గిటారులో ఏ లోపమూ లేదు. చివరికొచ్చేసరికి హాల్లో వాళ్ళు చప్పట్లు కొట్టారు. అదంతా కార్యక్రమంలో భాగమనుకున్నారు, ముసలాయన సరిగ్గా వాయించకపోవడం, కుర్రాడొచ్చి వాయించడం, హాస్యం కోసం పెట్టారని. ఈల కూడా వేశారెవరో. బావ స్టేజీ మీద ఖాళీ చేతులతో నిలబడి ఉన్నాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మొదట జేబుల్లో పెట్టి, తర్వాత వెనక్కి కట్టి, చివరికి చప్పట్లు కొట్టడానికి ముందుకి తెచ్చాడు. ఆయన కూడా కొట్టాడు.

"మీరు కాసేపు కూర్చోండి మాస్టారూ," అన్నాడు లీడరు.

ఆ కాసేపు తర్వాత ఆయన్ని మళ్ళీ లెమ్మని ఎవరూ అనలేదు. హోటలు నుంచి ఇంటికి కబురు రావడం ఆగిపోయింది. బావ కొన్నాళ్ళు తెల్లచొక్కా వేసుకుని సాయంత్రాలు ముందు గదిలో కూర్చునేవాడు, ఎవరైనా పిలుస్తారేమోనని. తర్వాత చొక్కా వేసుకోవడం మానేశాడు. గుండీలు పెట్టే పని తప్పిందని అక్క ఎవరితోనో అన్నదట. లీడరు కాస్త మొహమాటపడి అక్కకి అదే హోటల్లో బట్టలు ఉతికే విభాగంలో పని ఇప్పించాడు. ఆమె ఇప్పుడు ఆ బల్లల మీది తెల్ల గుడ్డలు ఇస్త్రీ చేస్తుంది.

ఒకరోజు పని నుంచి వస్తూ అక్క గిటారు పట్టుకుని దుకాణానికి వచ్చింది. కూర్చోలేదు.

"పాతవి ఉన్నాయా, పారేశావా?"

"ఉన్నాయి."

"పెట్టెయ్యి. ఎలా ఉండేదో అలా చేసెయ్యి."

మోనో ఆ సాయంత్రమే కూర్చుని రాగి రేకు పీకాడు, కొత్తవన్నీ ఊడదీశాడు, పాతవి అతికించాడు. అరిగిన బిరడా కూడా వెతికి పెట్టాడు. తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. బావ మంచం మీద కూర్చుని చిన్న ఆంప్లిఫయరుకి తగిలించుకున్నాడు. మోత మళ్ళీ వచ్చింది, అదే గుర్రు, అదే కంబళి. అక్క వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. బావ పాట మొదలుపెట్టాడు. కొంచెం దూరం వెళ్ళి ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టి ఇంకా ముందే ఆగాడు.

"ఏమైందండీ? బానే ఉందిగా, ఎప్పట్లాగే ఉంది," అంది అక్క.

"వినపడుతోంది," అన్నాడు బావ.

"ఏంటి?"

"మోత ఉన్నా వినపడుతోంది. ఇదివరకు వినపడేది కాదు."

వైరు పీకేసి, గిటారు గోడకి ఆనించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత దాన్ని ఎవరో వచ్చి కొనుక్కుపోయారు.

మోనోకి మాత్రం పని ఎక్కువైంది. ఆరోజు ఆ గిటారు పలికిన తీరు విని లీడరు తన దగ్గర వాయించేవాళ్ళందరినీ అతని దగ్గరకే పంపిస్తున్నాడు. పంపేముందు ఆ పార్టీ కథంతా నవ్వుతూ చెప్తాడు. వచ్చినవాళ్ళు కౌంటరు మీద గిటారు పెట్టి, "మీ బావగారికి చేసినట్టే మాకూ చెయ్యండి" అంటారు. మోనో వద్దని ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు నవ్వితే తనూ కాస్త నవ్వి, పని చీటీ చింపి ఇస్తాడు.

ఆదివారాలు మానలేదు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు బావ మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"రండి. కూర్చోండి," అని కుర్చీ జరిపాడు.

ఎగతాళి అనుకుని మోనో నవ్వడానికి సిద్ధమై ఎదురు చూశాడు. దాని వెనక ఏమీ రాలేదు. బావ మంచినీళ్ళు తెచ్చిచ్చి, కాస్త దూరంగా, గోడవార నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. ఏదైనా అడిగితే జవాబు చెప్తున్నాడు, "అవునండీ" "లేదండీ" అని. ఇంట్లో బావ స్థానంలో వేరే మనిషిని పెట్టుకున్నట్టుంది.

మోనో వంటగదిలోకి వెళ్ళాడు.

"అలా పిలవొద్దని చెప్పక్కా ఆయనకి. బాలేదు."

అక్క కంచాలు కడుగుతూ తల ఎత్తలేదు.

"నువ్వే చెప్పు. నువ్వేం చెప్పినా వింటారిప్పుడు."

మోనో ముందు గదిలోకి వచ్చాడు. బావ వెంటనే లేచి, భోజనం వడ్డించమంటారా అని అడిగాడు. మోనో నోరు తెరిచాడు, ఏదో అందామని. ఆ గోడవార నిలబడ్డ మనిషిని, ఆ వంగని వేళ్ళని, తన మొహంలోకే చూస్తున్న ఆ కళ్ళని కాసేపు చూశాడు. వడ్డించమన్నాడు. చెప్పాల్సింది వచ్చేవారం చెబుదాంలే అనుకున్నాడు. ఆ పై వారమూ చెప్పలేదు.